శ్రీకాకుళం, విజయనగరం తీరంలో సీగల్స్‌ని గుర్తుపట్టడం ఎలా

సీగల్స్ మన తీరంలో గూడు కట్టవు. అక్టోబరు చివర్లో రావడం మొదలుపెట్టి, చలికాలం ఇక్కడ గడిపి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. కొత్తగా చూసేవాళ్లకు వచ్చే చిక్కు అంతా ఇక్కడే ఉంది. పుస్తకంలో గానీ యాప్‌లో గానీ ముందు కనిపించే బొమ్మ ఎక్కువగా గూడు కట్టే కాలంలోని పక్షిది. తల గోధుమ రంగులోనో నల్లగానో ముచ్చటగా ఉంటుంది. మన దగ్గర ఉన్న నెలల్లో చాలావరకు అదే పక్షి తల తెల్లగా ఉంటుంది. కళింగపట్నంలో డిసెంబరులో నిలబడి గోధుమ తల కోసం వెతికితే వందల పక్షుల మధ్య ఒక్కటీ దొరకకపోవచ్చు. కాబట్టి తల సంగతి చివరికి ఉంచి, రెక్క కొనతో మొదలుపెడదాం. ఇది అలవాటైతే మీ ఊరి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర గుంపును మీరే విడదీసి చెప్పగలరు.

ఎప్పుడు వెళ్లాలి

దసరా దాటాక ఒకటీ అరా కనిపిస్తాయి. కార్తీక పౌర్ణమి నాటికి గుంపులు చేరతాయి. డిసెంబరు, జనవరి నెలలు నిండు కాలం. సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చేవాళ్లు ఒక పూట దీనికి కేటాయించుకుంటే మంచిది. శివరాత్రి నాటికి తలలు రంగు తిరగడం చూడొచ్చు. ఉగాది తర్వాత గుంపు రోజురోజుకీ పలచబడుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం ఉంటుంది కదా, ఆ వేళకి ఎదిగిన పక్షులు దాదాపు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి. ఇంకా గూడు కట్టే వయసు రాని కుర్ర పక్షులు ఎక్కడైనా ఒకటి రెండు మిగిలిపోతాయి. అందుకే మే, జూన్ నెలల్లో సముద్రం మీద తెల్లటి పక్షి కనిపిస్తే ముందు టెర్న్ (సీగల్‌ని పోలి, అంతకంటే సన్నగా ఉండే మరో పక్షి) అనుకోండి. గల్ (సీగల్‌నే పొట్టిగా ఇలా అంటాం) అని తేల్చడానికి గట్టి ఆధారం ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలి

గల్ పక్షులకు కావలసినవి రెండు: తినడానికి చేప, కూర్చోవడానికి మనుషులు పెద్దగా రాని ఇసుక. ఈ రెండూ కలిసేది నది సముద్రంలో కలిసే మొగ దగ్గర. మన రెండు జిల్లాల అదృష్టం ఏమిటంటే మొగలకు కొదవ లేదు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది కళింగపట్నమే. మొగ వెడల్పుగా ఉంటుంది, ఇసుక తిన్నెలు పెద్దవి, లైట్‌హౌస్ ఉంది కాబట్టి దారి తప్పే పని లేదు.

టెక్కలి వైపు ఉండేవాళ్లు నౌపడ ఉప్పు మడులను వదలకండి. సముద్రం అలల మీద దూరంగా కనిపించే పక్షే ఇక్కడ నిలకడగా ఉన్న లోతులేని నీళ్లలో దగ్గరగా కనిపిస్తుంది. తేలినీలాపురంలో పెలికాన్లనీ ఎర్రకాళ్ల కొంగలనీ చూసి అటు నుంచి అటే ఇంటికి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఇంకొంచెం ముందుకు, భావనపాడు వైపు వెళ్లి చూడండి. ఆ ఒక్క రోజుకే రెండు రకాల లోకాలు దొరుకుతాయి. మడ్డువలస, తోటపల్లి లాంటి జలాశయాలు మీ ఇంటికి దగ్గరైతే చలికాలంలో అక్కడ కూడా ఒకసారి తొంగిచూడండి. సముద్రానికి దూరంగా ఉన్న పెద్ద నీటి మీదకి కూడా గల్స్ వస్తాయి.

వెలుతురు ఎటు ఉందో ముందు చూసుకోండి

మన సముద్రం తూర్పున ఉంది. ఇది అందరికీ తెలిసిన సంగతే, కానీ పక్షులను చూడటానికి వెళ్లేటప్పుడు చాలామంది దీన్ని మర్చిపోతారు. పొద్దున్నే ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ప్రతి పక్షీ నల్లటి నీడలా కనిపిస్తుంది. కంటి రంగు, ముక్కు రంగు, రెక్క కొనల మీది తెల్ల మచ్చలు, అసలు కావలసినవేవీ తెలియవు.

దీనికి రెండు దారులు. పొద్దున వెళ్తే మొగ దగ్గర సముద్రం వైపు ఉన్న ఇసుక మీదికి చేరి, వీపు సూర్యుడికి పెట్టి, నది లోపలి తిన్నెల వైపు చూడండి. సాయంత్రం వెళ్తే మామూలుగా ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూడండి, వెలుతురు మీ వెనక నుంచి పడుతుంది. ఒక్క పూటే వీలైతే నేను మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లమంటాను. చలికాలంలో పొద్దు త్వరగా వాలుతుంది కాబట్టి నాలుగున్నర దాకా మంచి వెలుతురు, ఆ తర్వాత రంగులు పసుపు తిరుగుతాయి.

గాలిని కూడా గమనించండి. గల్స్ గాలికి ఎదురుగా కూర్చుంటాయి, గుంపంతా ఒకే వైపు ముఖం పెడుతుంది. పొద్దున నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంటే అవి ఊరి వైపు తిరిగి ఉంటాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక సముద్రం వైపు తిరుగుతాయి. మీకు కావలసింది పక్క నుంచి చూపు. గుంపు ఎటు తిరిగి ఉందో దూరం నుంచే చూసుకుని, పక్కకు చుట్టి వెళ్లండి.

ఆటుపోట్ల తేడా మన తీరంలో పెద్దది కాదు, అమావాస్య పౌర్ణములకు కూడా దాదాపు ఒకటిన్నర మీటరు. అయినా మొగ దగ్గర ఆ మాత్రం చాలు. ఆటు సమయంలో తిన్నెలు బయటపడి పక్షులు చెదురుగా ఉంటాయి. పోటు వస్తుంటే మిగిలిన కాస్త ఇసుక మీదికి అన్నీ దగ్గరగా చేరతాయి. వాటిని పోల్చి చూడటానికి అదే మంచి సమయం. కానీ పోటు వేళ మీరు తిన్నె మీద ఉండకూడదు. మొగ దగ్గర నీటి లాగుడు బలంగా ఉంటుంది, ఇసుక నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. ఎక్కడి దాకా నడవొచ్చో అక్కడి చేపల వేటగాళ్లను అడిగి కదలండి.

వాళ్లను ఇంకో మాట కూడా అడగండి: "అలివి వల ఎప్పుడు లాగుతారన్నా?" వల ఒడ్డుకి చేరే వేళకి గల్స్ తలల మీదుగా తిరుగుతాయి. కవ్వలు, చిన్న చేపలు జారిపడితే అందుకోవడానికి దిగుతాయి. రెక్కలు పూర్తిగా విప్పిన పక్షిని అంత దగ్గరగా చూసే అవకాశం మరెక్కడా రాదు. నీళ్ల మీద పక్షులు ఒకచోట గుమిగూడి తిరిగితే కింద చేపల గుంపు ఉందని వాళ్లకు తరతరాలుగా తెలుసు. వాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే పక్షుల కదలిక గురించి మీకు తెలిసేది చాలా ఉంటుంది.

ముందు టెర్న్‌లను పక్కకు తీయండి

మొగ దగ్గర తిన్నె మీద కూర్చున్న తెల్లటి పక్షులన్నీ గల్స్ కావు. సగం టెర్న్‌లు అయినా ఆశ్చర్యం లేదు. టెర్న్ సన్నగా, పొట్టి కాళ్లతో, ఇసుకకు అతుక్కున్నట్టు కూర్చుంటుంది. ముక్కు సూటిగా, కొన మొనదేలి ఉంటుంది. ఎగిరేటప్పుడు తల కిందికి వంచి నీళ్లలోకి చూస్తూ వెళ్తుంది. చాలా రకాలు ఉన్నట్టుండి నిట్టనిలువునా నీళ్లలో పడతాయి. తోక చాలా రకాలకు చీలి ఉంటుంది.

గల్‌కి కాళ్లు కాస్త పొడుగు, ఇసుక మీద హాయిగా నడుస్తుంది. ముక్కు దళసరి, పైభాగం కొన కిందికి వంగి ఉంటుంది. తోక కొన గుండ్రంగా లేదా తిన్నగా కోసినట్టు ఉంటుంది. అన్నిటికంటే తేలిక గుర్తు, గల్ నీళ్ల మీద తేలుతూ కూర్చుంటుంది. టెర్న్ ఆ పని అరుదుగా చేస్తుంది. ఒక్క కాస్పియన్ టెర్న్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది పెద్ద గల్ అంత ఉంటుంది, ముక్కు లావుగా, ఎర్రగా ఉంటుంది. ఎర్ర ముక్కున్న పెద్ద పక్షి కనిపిస్తే గల్ అనుకోకండి.

చిన్నదా, పెద్దదా

కొలతకి మన ఊరి కాకి చాలు. శరీరం కాకి అంత ఉండి, కాళ్లూ ముక్కూ ఎర్రగా ఉంటే చిన్న గల్. కాకి పక్కన నిలబడితే కాకి చిన్నబోయేంత ఉండి, కాళ్లు పసుపు రంగులో ఉంటే పెద్ద గల్. మన తీరంలో మీరు చూసే చిన్న గల్స్ దాదాపుగా రెండు రకాలే, గోధుమ తల గల్, నల్ల తల గల్. పెద్దవాటిలో ముఖ్యమైనవి పల్లాస్ గల్, హ్యూగ్లిన్ గల్. మొదటి చలికాలానికి ఈ నాలుగూ చాలు. మిగతావాటి గురించి టెన్షన్ పడకండి.

రెక్క కొన

ఇక్కడ ఎంతసేపు గడిపినా తక్కువే.

మన గుంపుల్లో ఎక్కువగా ఉండేది గోధుమ తల గల్. టిబెట్ పీఠభూమి, లద్దాఖ్, పామీర్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర గూడు కట్టి, చలికి ఇటు దిగుతుంది. హిమాలయాలకు అవతల పుట్టిన పక్షి బారువలో కవ్వ చేప తింటూ కనిపిస్తుందంటే నాకు ప్రతి ఏడూ కొత్తగానే ఉంటుంది. ఎగురుతున్నప్పుడు దీని రెక్క కొన నల్లగా, వెడల్పుగా ఉంటుంది. ఆ నలుపులో చివరకి దగ్గరగా రెండు తెల్లటి మచ్చలు ఉంటాయి. నలుపు మొదలయ్యేచోట, మణికట్టు వైపు, మరో తెల్లటి పట్టీ ఉంటుంది. కింది నుంచి చూసినా కొన పెద్ద నల్లటి ముక్కలా కనిపిస్తుంది, అందులో ఆ రెండు మచ్చలు తెల్లగా తేలతాయి.

నల్ల తల గల్ రెక్క దీనికి తలకిందులు. రెక్క ముందు అంచు పొడవునా, కొన దాకా, తెల్లటి పొడుగు త్రికోణం ఉంటుంది. నలుపు రెక్క కొనకి వెనక అంచున సన్నటి గీతగా మాత్రమే ఉంటుంది. నల్లని నేపథ్యంలో తెల్ల మచ్చలా, లేక తెల్లని నేపథ్యంలో నల్ల గీతా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే రెండింట్లో ఏదో తేలిపోతుంది. నల్ల తల గల్ యూరప్ నుంచి రష్యా తూర్పు చివర దాకా గూడు కట్టే పక్షి. శరీరం కాస్త చిన్నది, ముక్కు సన్నం.

రెండూ కూర్చుని ఉంటే రెక్క మడిచి ఉంటుంది, ఇదేదీ కనిపించదు. అప్పుడు కన్ను చూడండి. ఎదిగిన గోధుమ తల గల్‌కి కన్ను లేత రంగు, పాలిపోయిన పసుపులా. కొంచెం కోపంగా చూస్తున్నట్టు అనిపిస్తుంది. నల్ల తల గల్‌కి కన్ను ముదురు రంగు, నెమ్మదైన ముఖం. రెండిటికీ చెవి దగ్గర చలికాలంలో బూడిద రంగు మచ్చ ఉంటుంది, దాన్ని బట్టి ఏదీ తేల్చలేరు.

కదలకుండా పది నిమిషాలు కూర్చోండి. కూర్చున్న పక్షి కాసేపటికి ఒళ్లు విరుచుకుంటూ ఒక రెక్క పూర్తిగా చాపుతుంది. కెమెరా ఉంటే ఆ క్షణానికి వరుసగా ఫోటోలు తీసే సెట్టింగ్ పెట్టుకుని సిద్ధంగా ఉండండి. పక్షిని లేపి ఎగరగొట్టి రెక్క చూడాలనుకోవడం తప్పు. అంత దూరం ఎగిరి వచ్చి అలసట తీర్చుకుంటున్న పక్షి అది.

వయసు చూడకుండా పేరు పెట్టకండి

లేత కన్ను అనే గుర్తు ఎదిగిన పక్షికే. ఈ ఏడు పుట్టిన గోధుమ తల గల్‌కి కూడా కన్ను ముదురు రంగులోనే ఉంటుంది. రెక్క కొన మీద తెల్ల మచ్చలు కూడా ఇంకా రాలేదు. అందుకే కన్ను చూసే ముందు పక్షి వయసు చూడాలి.

ఎగిరేటప్పుడు తోక చివర నల్లటి పట్టీ ఉందా? రెక్క పైభాగంలో బూడిద రంగు మధ్య గోధుమ రంగు ఈకలు ఉన్నాయా? ముక్కూ కాళ్లూ నిండు ఎరుపు కాకుండా నారింజ రంగులో పాలిపోయి ఉన్నాయా? అయితే అది మొదటి చలికాలపు పక్షి. ఇలాంటిదానికి రెక్క కొన మాత్రమే సాక్షి. కొన మొత్తం మచ్చ లేని నలుపైతే గోధుమ తల గల్. మాసిపోయినట్టున్నా సరే, ముందు అంచున తెల్లటి చారలు కనిపిస్తే నల్ల తల గల్. చిన్న గల్స్ రెండో చలికాలానికి దాదాపు ఎదిగినవాటిలా మారిపోతాయి. పెద్ద గల్స్‌కి నాలుగేళ్లు పడుతుంది, ప్రతి ఏడూ వేరే రూపం.

పెద్ద గల్స్

పల్లాస్ గల్‌ని ఒకసారి చూస్తే మర్చిపోరు. కాస్పియన్ సముద్రం నుంచి మంగోలియా దాకా ఉన్న సరస్సుల దగ్గర గూడు కట్టే పక్షి, రెక్కలు చాపితే ఒకటిన్నర మీటరు వరకు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. చిన్న గల్స్ గుంపులో ఇది నిలబడితే మిగతావి పిల్లల్లా ఉంటాయి. నుదురు పొడుగ్గా వాలి ఉంటుంది, ముక్కు పొడవు, బలం. ఎదిగినదానికి ముక్కు పసుపు, కొన దగ్గర నల్లటి అడ్డ పట్టీ, ఎరుపు. చలికాలంలో కంటి చుట్టూ మసి పూసినట్టు నలుపు ఉంటుంది, అందులో కనురెప్పలు పైనా కిందా తెల్లగా మెరుస్తాయి. దూరం నుంచి ఆ తెల్ల రెప్పలే పట్టిస్తాయి.

హ్యూగ్లిన్ గల్ రష్యా ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాల నుంచి వస్తుంది. గుర్తు వీపు రంగు. పల్లాస్ గల్ వీపు లేత బూడిద, దీనిది ముదురు బూడిద, తేడా పక్కపక్కన చూస్తే వెంటనే తెలుస్తుంది. తల మీద మసి ముసుగు ఉండదు, మెడ వెనక సన్నటి గీతలు ఉంటాయి. ముక్కు పసుపు, కింది భాగాన ఎర్రటి చుక్క. నవంబరు, డిసెంబరుల్లో రెక్క కొన ఈకలు ఇంకా పెరుగుతూ ఉంటే అదీ దీనికి అనుకూలమైన సాక్ష్యమే, ఈక మార్పు దీనికి ఆలస్యం. కుర్ర పెద్ద గల్స్ అన్నీ గోధుమ రంగు మచ్చలతో గజిబిజిగా ఉంటాయి. మొదటి రెండు మూడు ఏళ్లు వాటికి "పెద్ద గల్, కుర్రది" అని రాసి వదిలేయడమే నిజాయితీ.

చిన్న గల్‌లా ఉండి, చెవి మచ్చ కనిపించక, మెడ పొడుగ్గా, ముక్కు సన్నగా పొడవుగా ఉంటే సన్న ముక్కు గల్ కావచ్చు. గుజరాత్ తీరంలో మామూలు పక్షి, మన వైపు అరుదు. కాబట్టి పేరు రాసే ముందు పక్క నుంచి, ఎగురుతూ, రెండు విధాలా ఫోటో తీయండి.

తలలు రంగు తిరిగే వేళ

ఇప్పుడు తల దగ్గరకి రావచ్చు. అన్నిటికంటే ముందు రంగు మారేది పల్లాస్ గల్. ఫిబ్రవరికే కొన్ని పక్షుల తల నిండు నలుపు. ఫిబ్రవరి చివర నుంచి మార్చి అంతా చిన్న గల్స్ వంతు. గోధుమ తల గల్‌కి తల పాలు ఎక్కువైన కాఫీ రంగులోకి వస్తుంది, మెడ దగ్గర అంచు మాత్రం ముదురుగా గీసినట్టుంటుంది. నల్ల తల గల్ తల నిజానికి ముదురు చాక్లెట్ రంగు, దూరానికి నల్లగా కనిపిస్తుంది. ఆ ముసుగు మెడ వెనక దాకా పోదు.

ఈ రోజుల్లో గుంపులో కొన్ని తెల్ల తలలు, కొన్ని మచ్చల తలలు, కొన్ని నిండు రంగువి కలిసి ఉంటాయి. డిసెంబరులో రెక్క కొన చూసి మీరు నేర్చుకున్నది సరైనదో కాదో సరిచూసుకోవడానికి మార్చిని మించిన నెల లేదు. ముందు రెక్క చూసి పేరు అనుకోండి, తర్వాత తల చూడండి.

ఇదే నెలల్లో, జనవరి నుంచి మార్చి దాకా, ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రి టార్చ్ లైట్లు వేసుకుని ఒడ్డున తిరగకండి. మార్చి దాటాక చిన్న టెర్న్‌లు, కెంటిష్ ప్లోవర్లు ఉత్త ఇసుక మీదే గుడ్లు పెడతాయి, గుడ్డు ఇసుక రంగులోనే ఉంటుంది, కాబట్టి అడుగు చూసి వేయండి. కుక్కను వెంట తీసుకెళ్లొద్దు. గల్స్‌కి మిక్చర్, బిస్కెట్లు వేయొద్దు. ఒక గుంపులో తలలన్నీ ఒక్కసారి లేచి మీ వైపు చూస్తే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడే ఆగి రెండు అడుగులు వెనక్కి వేస్తే మళ్లీ కుదుటపడతాయి.

సామాన్ల విషయానికి వస్తే 8 బై 42 బైనాక్యులర్ సరిపోతుంది. ఉప్పు గాలికి అద్దాలు మసకబారతాయి, మెత్తటి గుడ్డ దగ్గర పెట్టుకోండి. ఇంటికి వచ్చాక తడిపి పిండిన గుడ్డతో పైభాగం తుడవండి. గొడుగు వద్దు, పక్షులు బెదురుతాయి. టోపీ చాలు.

చూసింది రాసిపెట్టండి

తేదీ, చోటు, వేళ, ఆటు గానీ పోటు గానీ, ఏ పక్షి ఎన్ని, ఎదిగినవెన్ని, కుర్రవెన్ని. పెద్ద గుంపైతే పది పక్షులు ఎంత జాగా ఆక్రమించాయో చూసి, ఆ లెక్కన గుంపంతా అంచనా వేయండి. నల్ల తలవా గోధుమ తలవా తేలని పక్షులను "చిన్న గల్" అని విడిగా రాయండి. ఊహించి కలిపేస్తే ఆ లెక్క ఎవరికీ పనికిరాదు. ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే మీ లెక్క అందరికీ అందుతుంది. మన తీరానికి ఎన్ని లెక్కలు చేరితే అంత మేలు. ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, మన ఉపఖండంలో 1987 నుంచి నడుస్తోంది. మీ ఊరి మొగను మీరు లెక్కపెట్టి పంపొచ్చు.

మొదటి పక్షి ఏ రోజు కనిపించింది, చివరి పక్షి ఏ రోజు కనిపించింది, ఈ రెండూ ప్రతి ఏడూ తప్పక రాయండి. ఏ పక్షీ కనిపించని రోజు కూడా రాయండి, రాకపోకల కాలం తేల్చడానికి ఆ ఖాళీ రోజులే ఆధారం.

కాళ్లు కూడా చూడండి. ఎప్పుడైనా ఒక పక్షి కాలికి లోహపు కడియమో, అంకెలున్న రంగు ప్లాస్టిక్ కడియమో కనిపిస్తుంది. పక్షి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో తెలుసుకోవడానికి పరిశోధకులు వేసేవి అవి. రంగు, అక్షరాలు, అంకెలు, ఏ కాలికి ఉంది, మోకాలి పైనా కిందా అన్నీ రాసుకుని, ఫోటో తీసి, ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. చచ్చిపడిన పక్షి కాలికి కడియం కనిపించినా అంతే. కడియం మీద ఉన్న ప్రతి అక్షరమూ, చుక్కతో సహా, ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోండి. ఒక్క అంకె తప్పినా అది వేరే పక్షి అవుతుంది.